రష్యా పొరుగున స్వతంత్రం: యురేషియా ఆర్థిక కూటమిపై అపోహలు - వాస్తవాలు

అపోహ: రష్యా, బెలారస్, కజకిస్తాన్, అర్మేనియా, కిర్గిజ్‌స్తాన్ సభ్యులుగా ఉన్న ఈ కూటమిలో చేరితే ఇక నిర్ణయాలన్నీ మాస్కోవే.

వాస్తవం: ఓటింగులో కాదు. 2015 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం దేశాధినేతల మండలిలోనూ, ఉప ప్రధానుల మండలిలోనూ ఏకాభిప్రాయం కుదరాలి. రోజువారీ పనులు చూసే కమిషన్ బోర్డులో దేశం పెద్దదైనా చిన్నదైనా ఇద్దరేసి సభ్యులు. ముసాయిదాలోని ఉమ్మడి పౌరసత్వం, విదేశాంగ విధానం వంటివాటిని కజకిస్తాన్ పట్టుబట్టి తీయించింది కూడా. రష్యా బరువు తెలిసేది బయటి సరుకుపై వేసే దిగుమతి సుంకాల పట్టికలో. ఉమ్మడి పట్టికకు చాలావరకు రష్యా పట్టికే మూలం కాబట్టి కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ తమ సుంకాలు పెంచుకోవాల్సి వచ్చింది. తక్కువ సుంకంతో చైనా సరుకు తెచ్చి చుట్టుపక్కల దేశాలకు అమ్ముతూ వచ్చిన కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లోని దోర్దోయ్ బజారుకు ఇదే దెబ్బ.

అపోహ: కస్టమ్స్ చెక్‌పోస్టు ఎత్తేస్తే సరుకు ఆగదు.

వాస్తవం: ఎక్కువమంది వ్యాపారులు బోల్తా పడేది ఇక్కడే. దిగుమతి సుంకాన్ని మాత్రమే ఉమ్మడి ఖాతాలో వేసి పంచుకుంటారు. కిర్గిజ్‌స్తాన్ వాటా 1.9 శాతం. వ్యాట్, ఎక్సైజ్ మాత్రం సరుకు చేరిన దేశానివే. సభ్య దేశం నుంచి సరుకు తెచ్చుకున్నవారు దాన్ని లెక్కల్లోకి తీసుకున్న మరుసటి నెల 20వ తేదీలోగా వ్యాట్ కట్టి, డిక్లరేషన్ వేయాలి. అందుకే పన్ను కాగితాలు చూస్తామంటూ లారీని ఆపడానికి అవకాశం మిగిలే ఉంది. పాలు, మాంసానికైతే పశువైద్య ధ్రువపత్రం అదనం. ఎదుటి దేశం ఒప్పుకునే ల్యాబ్ లేకపోతే సుంకం సున్నా అయినా ఉపయోగం లేదు. 2017 అక్టోబరులో బిష్కెక్, అస్తానా నాయకుల మధ్య మాటామాటా పెరగగానే కజకిస్తాన్ తనిఖీలు బిగించింది. రెండు దేశాల సరిహద్దులోని కొర్దాయ్ దగ్గర లారీలు బారులు తీరాయి. ఒప్పందంలో ఒక్క అక్షరం మారలేదు.

అపోహ: తర్వాతి మెట్టు ఉమ్మడి కరెన్సీ.

వాస్తవం: ఒప్పందంలో ఆ మాటే లేదు. సోవియట్ యూనియన్ కూలాక కొన్నాళ్లు అందరూ రూబుల్‌నే వాడిన ‘రూబుల్ జోన్’ చేదు అనుభవం ఎవరూ మరిచిపోలేదు: నోట్లు అచ్చువేసేది మాస్కో ఒక్కటే, అప్పులిచ్చేవి మాత్రం అన్ని రిపబ్లిక్కుల కేంద్ర బ్యాంకులూ. ధరలు చుక్కలనంటాయి. 1993 మే నెలలో కిర్గిజ్‌స్తాన్ సోమ్‌ను, నవంబరు 15న కజకిస్తాన్ టెంగేను సొంత కరెన్సీలుగా తెచ్చుకున్నాయి.

అపోహ: డిగ్రీలన్నీ అన్ని సభ్య దేశాల్లో చెల్లుతాయి.

వాస్తవం: చాలావరకు చెల్లుతాయి. బోధన, న్యాయ, వైద్య, ఫార్మసీ ఉద్యోగాలకు ఆ వెసులుబాటు లేదు. బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదివే తెలుగు విద్యార్థులు గమనించాలి: అసలు ఈ సౌకర్యమే సభ్య దేశాల పౌరుల కోసం.

అపోహ: చేరితే బయటపడే దారి లేదు.

వాస్తవం: 118వ అధికరణ ప్రకారం రాతపూర్వక నోటీసు ఇచ్చి, బకాయిలు తేల్చుకుంటే 12 నెలలకు బయటికి రావచ్చు. ఆపేవి వేరే. కిర్గిజ్ కూలీ రష్యాలో పర్మిట్ లేకుండా పనిచేస్తాడు. కూటమిలో లేని తజిక్, ఉజ్బెక్ కూలీలు ‘పేటెంట్’ అనే పని అనుమతి పత్రం కొనుక్కుని దానికి నెలనెలా డబ్బు కట్టాలి. కజకిస్తాన్ చమురు ఎగుమతుల్లో దాదాపు 80 శాతం తెంగిజ్ చమురు క్షేత్రం నుంచి రష్యా రేవు నోవోరొసిస్క్ దాకా వెళ్లే 1,511 కిలోమీటర్ల పైప్‌లైన్‌లోనే ప్రవహిస్తుంది. 2022 జులైలో ఓ రష్యా కోర్టు దాన్ని 30 రోజులు ఆపమంది, తర్వాత 2 లక్షల రూబుళ్ల జరిమానాతో సరిపెట్టారు. కూటమి నుంచి తప్పుకున్నా ఆ పైపు ఎక్కడికీ కదలదు. అజర్‌బైజాన్ రాజధాని బాకు మీదుగా మరో దారి ఉంది కానీ, అందుకు చమురును ముందు ట్యాంకర్ ఓడల్లో కాస్పియన్ సముద్రం దాటించాలి.