సైన్సు పాఠం చదవడం ఎవరు నేర్పాలి?

ఎనిమిదో తరగతి పిల్లవాడు కథ చదివి దాన్ని చక్కగా తిరిగి చెబుతాడు. అదే పిల్లవాడి చేతికి భౌతికశాస్త్రం పాఠం ఇస్తే గడగడా చదివేస్తాడు గానీ, ఏం చదివావని అడిగితే నోరు పెగలదు. చదవడం రాదేమోనని భాషా టీచరుకు అప్పజెబుతారు. ఆ పేరా భాషా టీచరు పాఠంలో ఉండదు. చదవడం నేర్పడం సైన్సు టీచరు సిలబస్‌లో ఉండదు. మధ్యలో పడిపోయిన ఈ పని ఎవరిదన్న వాదన వందేళ్ల పైబడి సాగుతోంది. 'ప్రతి టీచరూ చదవడం నేర్పే టీచరే' అన్న నినాదం ఆ వాదనలోంచే వచ్చింది. నినాదంలో తప్పు లేదు. అయితే అన్ని సబ్జెక్టుల్లోనూ చదవడం ఒకే రకంగా ఉంటుందన్న ఊహ దానికి మొదటి నుంచీ అంటుకుని ఉంది. ఇన్ని దశాబ్దాలు అది తరగతి గదిలో నిలదొక్కుకోలేకపోవడానికి అసలు కారణం ఆ ఊహే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చదవడమంటే పైకి చదవడమే. ఉచ్చారణ బాగుందా, తడబడ్డాడా అన్నవే కొలతలు. 1917లో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్, పేరాలు చదివి పిల్లలు రాసిన తప్పు జవాబులను విడదీసి పరిశీలించాడు. చాలా తప్పులకు మూలం ఒక్కటే: ఏదో ఒక పదం మీద బరువంతా వేసి మిగతా వాటిని వదిలేయడం. పేరాను అర్థం చేసుకోవడం లెక్క చేయడం లాంటిదని, కావలసిన అంశాలను ఏరి, ఒక్కోదానికి తగినంత విలువ ఇచ్చి, వాటి మధ్య సంబంధం కుదర్చాలని ఆయన రాశాడు. చదవడం ఒక ఆలోచనా ప్రక్రియ అని తేలాక, ఆ ఆలోచన ఎక్కడ జరుగుతుందో అక్కడే నేర్పాలి కదా అన్న ప్రశ్న దానంతట అదే వచ్చింది. 1921లో ఇంగ్లండ్‌లో జార్జ్ శాంప్సన్, ఇంగ్లీషులో బోధించే ప్రతి టీచరూ ఇంగ్లీషు నేర్పే టీచరేనన్నాడు. అదే దశకంలో అమెరికాలో విలియం గ్రే, ఆయన సహచరులు చదవడాన్ని అన్ని సబ్జెక్టుల బాధ్యతగా ప్రచారం చేశారు.

ప్రచారమైతే జరిగింది గానీ, రేపు పొద్దున తరగతిలో ఏం చేయాలో చరిత్ర టీచరుకు ఎవరూ చెప్పలేదు. చేతికి పనిముట్లు రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1946లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాన్సిస్ రాబిన్సన్ ప్రచురించిన ఎస్‌క్యూ3ఆర్ (సర్వే, క్వశ్చన్, రీడ్, రిసైట్, రివ్యూ) పద్ధతిలో అయిదు అంచెలున్నాయి. ముందు శీర్షికలు, బొమ్మలు, చివరి సారాంశం పైపైన చూడాలి. తరువాత ఒక్కో శీర్షికను ప్రశ్నగా మార్చుకోవాలి. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఆ భాగం చదవాలి. పుస్తకం మూసి జవాబును సొంత మాటల్లో చెప్పుకోవాలి. అన్ని భాగాలూ అయ్యాక మొత్తం మరోసారి నెమరువేసుకోవాలి. ఫలితమిచ్చేది ప్రధానంగా నాలుగో అంచె. విద్యార్థులు ఎగ్గొట్టేదీ అదే. పుస్తకం మూయకుండా వాక్యాల కింద గీతలు గీస్తారు, గీసినంత మేరా వచ్చేసిందనుకుంటారు. పైగా ఈ పద్ధతి శీర్షికలు బాగా పెట్టిన పుస్తకానికే నప్పుతుంది. సిద్ధాంతం, నిరూపణ, అభ్యాసం అన్న వరసలో నడిచే గణిత పుస్తకంలో 'నిరూపణ' అన్న శీర్షికను ఏ ప్రశ్నగా మార్చాలి?

1960లో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ ఆసుబెల్, పాఠానికి ముందు దానికంటే విస్తృతమైన భావనను కొద్దిగా పరిచయం చేస్తే కొత్త విషయం మనసులో నిలవడానికి చోటు దొరుకుతుందని చూపించాడు. 1970లో హెరాల్డ్ హెర్బర్, సబ్జెక్టుల్లో చదవడం మీద పూర్తిస్థాయి పుస్తకం తెచ్చాడు. ఆయన మూడంచెల గైడులో ప్రశ్నలుండవు, వాక్యాలుంటాయి. రచయిత నేరుగా చెప్పినవి కొన్ని, చెప్పకనే చెప్పినవి కొన్ని, పాఠం బయటికి అన్వయించేవి కొన్ని. ప్రతి వాక్యానికీ విద్యార్థి ఒప్పుకుంటాడో లేదో గుర్తు పెట్టి, పాఠంలో ఏ పేరా తనకు అలా అనిపించేలా చేసిందో వేలు పెట్టి చూపాలి. ప్రశ్న వేస్తే జవాబు వచ్చినవాడే చెయ్యెత్తుతాడు, వాక్యం ఇస్తే అందరూ ఏదో ఒక పక్షం తీసుకోవాల్సిందే. అందుకే ఈ గైడు ఈనాటికీ పాతబడలేదు.

బ్రిటన్‌లో ఇదే ఆలోచన మరో దారిలో వచ్చింది. అక్కడ తరగతి గదిలో పిల్లల మాటకు ఎక్కువ విలువ ఇచ్చారు. తెలిసీ తెలియని విషయాన్ని సొంత మాటల్లో తడుముకుంటూ చెప్పడమే నేర్చుకోవడమని విద్యావేత్త జేమ్స్ బ్రిటన్ వంటివారు వాదించారు. 1975లో వచ్చిన, అక్కడి ప్రభుత్వం వేసిన బుల్లక్ కమిటీ నివేదిక, పాఠ్యప్రణాళిక అంతటా భాషపై ప్రతి బడికీ ఒక విధానం ఉండాలని సిఫారసు చేసింది. అయితే విధాన పత్రం రాయడం ఒక ఎత్తు, రసాయనశాస్త్రం పీరియడ్ మారడం మరో ఎత్తు.

పీరియడ్లలో నిజంగా ఏం జరుగుతోందో కొలిచి చూసింది అమెరికా పరిశోధకురాలు డొలొరెస్ డర్కిన్. 1978–79లో వెలువడిన ఆమె అధ్యయనం ప్రకారం, నాలుగో తరగతిలో 4,469 నిమిషాల పఠన బోధనను గమనిస్తే, అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పింది 20 నిమిషాలే. సాంఘికశాస్త్రం పీరియడ్లలో అది అసలు కనిపించనేలేదు. టీచర్లు ఖాళీగా కూర్చోలేదు. ప్రశ్నలు అడిగారు, అభ్యాసాలు చేయించారు, జవాబులు దిద్దారు. అంటే అర్థమైందో లేదో పరీక్షించారు గానీ, అర్థం చేసుకునే దారి చూపలేదు. 'ముఖ్యాంశం ఏమిటి?' అని అడగడం పరీక్ష. 'ఈ పేరాలో మూడు వాక్యాలు ఒకే వస్తువు గురించి ఉన్నాయి, నాలుగోది దానికి ఉదాహరణ, కాబట్టి ఉదాహరణ తీసేసి మిగతా మూడింటినీ కలుపుతున్నాను' అని టీచరు పైకి ఆలోచించి చూపడం బోధన. ఈ తేడా చాలామందికి అప్పుడే మొదటిసారి స్పష్టంగా కనిపించింది.

తరువాతి పదేళ్లలో మెలకువలు వెల్లువలా వచ్చాయి. వాటిలో బలమైనది 1984లో ఆన్‌మరీ పాలిన్సార్, ఆన్ బ్రౌన్ ప్రచురించిన పరస్పర బోధన. అక్షరాలు చదవగలిగినా అర్థం అందని ఏడో తరగతి పిల్లలు చిన్న గుంపుగా కూర్చుంటారు. ఒక పేరా చదివాక సారం చెప్పడం, ప్రశ్న వేయడం, అర్థం కానిది తేల్చుకోవడం, ముందు ఏం రాబోతోందో ఊహించడం అనే నాలుగు పనులూ చేస్తారు. మొదట టీచరు నడుపుతారు, తరువాత పగ్గాలు ఒక్కో పిల్లవాడికీ అందుతాయి. ఇది చెడిపోయే చోటు ఒకటుంది. నాలుగు పనులకు నాలుగు కార్డులు చేసి నలుగురికి శాశ్వతంగా పంచేస్తారు. 'ఊహించే' కార్డు పట్టిన పిల్ల నెల గడిచినా సారం చెప్పడం నేర్చుకోదు. 1986లో డోనా ఓగల్ ఇచ్చిన కేడబ్ల్యూఎల్ పట్టికలో తెలిసినవి, తెలుసుకోవాలనుకునేవి, నేర్చుకున్నవి అని మూడు గళ్లుంటాయి. ఇందులో చిక్కు మొదటి గడిలోనే ఉంది. 'వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది' అని ఎవరో అంటారు, నిజం కాకపోయినా బోర్డు మీద అది తెలిసిన విషయంగా నమోదవుతుంది, పీరియడ్ అయ్యేదాకా అలాగే ఉండిపోతుంది. సందేహం ఉన్న ప్రతి మాటనూ అప్పటికప్పుడే ప్రశ్నగా మార్చి రెండో గడిలోకి జరపాలి.

పదజాలం సంగతి ఇంతకంటే లోతైనది. పదానికి అర్థం రాసుకుని వాక్యంలో ప్రయోగించమనడం బడుల్లో మామూలు పద్ధతి. 1987లో జార్జ్ మిల్లర్, పాట్రీషియా గిల్డియా దాని బండారం బయటపెట్టారు. కోతకు గురవడం అనే అర్థమున్న 'ఎరోడ్' అన్న ఇంగ్లీషు మాటకు నిఘంటువులో 'తినివేయు' అన్న వివరణ చూసిన పిల్లలు 'మా కుటుంబం చాలా ఎరోడ్ చేస్తుంది' అన్న ధోరణిలో వాక్యాలు రాశారు. పిల్లల తప్పు కాదు, వివరణలో తమకు తెలిసిన ముక్కను పట్టుకున్నారంతే. మరో పక్క, మూడు నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లలు చూసే ఇంగ్లీషు పుస్తకాల్లో సుమారు 88,500 పద కుటుంబాలు (ఒకే మూలం నుంచి పుట్టిన పదాల గుంపులు) ఉంటాయని విలియం నాగీ, రిచర్డ్ ఆండర్సన్ 1984లో అంచనా వేశారు. అన్నీ నేర్పడం అసాధ్యం, కాబట్టి ఎంపిక తప్పదు.

ఆ ఎంపికకు ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్ మూడు అంతస్తులు ప్రతిపాదించారు. ఇంట్లో వాడే మాటలు మొదటిది, ఒక్క సబ్జెక్టుకే చెందిన పారిభాషిక పదాలు మూడోది. రెండింటి మధ్య ఉన్నవే అన్ని పుస్తకాల్లోనూ తిరిగే మాటలు: విశ్లేషించు, ప్రభావితం చేయు, అనుపాతం, పరస్పరం. పారిభాషిక పదాన్ని సబ్జెక్టు టీచరు ఎలాగూ వివరిస్తారు. మధ్య అంతస్తు మాత్రం ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. వీరి బృందమే 1985లో మరో సంగతి తేల్చింది: ఒక పదం నాలుగుసార్లు ఎదురైతే దాని అర్థం గుర్తుంటుంది గానీ, అది ఉన్న పాఠం అర్థం కావడంలో తేడా కనబడలేదు. పన్నెండుసార్లు ఎదురైన పదాలే అక్కడ పనికొచ్చాయి. పాఠం మొదట్లో పదిహేను కొత్త పదాలు బోర్డు మీద రాసి ముందుకెళ్లడం వృథా అని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆరేడు ఎంచుకుని వాటినే పదేపదే వాడించాలి.

తెలుగు పుస్తకంలో ఈ సమస్య తనదైన రూపంలో ఉంటుంది. జీవశాస్త్రంలో కణం అంటే జీవి నిర్మాణానికి ప్రమాణం. పదార్థం పాఠంలో అదే కణం అణువులను, పరమాణువులను సూచిస్తుంది. రెండు పీరియడ్ల మధ్య పది నిమిషాల విరామమే ఉంటుంది, అర్థం మారిందని ఎవరూ హెచ్చరించరు. ద్రావణి, ద్రావితం, ద్రావణం ఒకే ధాతువు నుంచి పుట్టి, చివరి అక్షరాల్లో మాత్రమే వేరవుతాయి. వీటికి మూడు నిర్వచనాలు బట్టీ పట్టిస్తే పరీక్షలో తారుమారవుతాయి. ఉప్పు, నీరు, ఉప్పునీరు అనే మూడు బొమ్మల కింద పేర్లు పెట్టించి, తరువాత ఉప్పు బదులు చక్కెర, ఆపైన నీటి బదులు ఆల్కహాల్, చక్కెర బదులు కర్పూరం పెట్టి మళ్లీ చేయించాలి. 'ఇక్కడ కరిగింది ఏది?' అన్న ప్రశ్నే తేడాను పట్టిస్తుంది. 1969లో డొరొతీ ఫ్రేయర్ బృందం ఇచ్చిన నాలుగు గళ్ల నమూనా కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది: నిర్వచనం, లక్షణాలు, ఉదాహరణలు, ఉదాహరణలు కానివి. అసలు పని నాలుగో గడిది. బహుభుజికి ఉదాహరణ కానిది బల్ల అని రాస్తే ఏమీ తేలదు. ఒక భుజం వంపు తిరిగిన ఆకారం, ఒక మూల దగ్గర తెరిచి ఉన్న ఆకారం పెడితే నిర్వచనంలో ఏ మాట ఎందుకుందో బయటపడుతుంది.

మెలకువలు ఇన్ని ఉన్నా సబ్జెక్టు టీచర్లు దూరంగానే ఉన్నారు. 1995లో ఒబ్రయన్, స్టువర్ట్, మోయే ఆ దూరానికి కారణాలను ఉన్నత పాఠశాల నిర్మాణంలోనే వెతికారు. సబ్జెక్టుల వారీగా విడిపోయిన సిలబస్, పూర్తి చేయాలన్న ఒత్తిడి, టీచరు తనను తాను ఒక శాస్త్రానికి చెందినవాడిగా చూసుకోవడం. దీన్ని మొండితనం అనడం అన్యాయం. తన సబ్జెక్టుతో సంబంధం లేని పట్టిక తెచ్చి తన పీరియడ్‌లో నింపమంటే ఎవరైనా విసుక్కుంటారు.

మలుపు చరిత్ర సబ్జెక్టు నుంచి వచ్చింది. 1991లో అమెరికా పరిశోధకుడు శామ్ వైన్‌బర్గ్ ఎనిమిది మంది చరిత్రకారులకు, ఎనిమిది మంది ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఒకే పత్రాలు ఇచ్చి, చదువుతూ ఆలోచనలను పైకి చెప్పమన్నాడు. చరిత్రకారులు ముందు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని చూశారు, తరువాత ఒక పత్రాన్ని మరోదానితో పోల్చారు. విద్యార్థులు మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా సమాచారం పోగుచేశారు. అన్నీ చదివారు, కానీ చరిత్రగా చదవలేదు. 2008లో తిమోతీ షనహాన్, సింథియా షనహాన్ గణితం, రసాయనశాస్త్రం, చరిత్ర నిపుణులను పక్కపక్కన పెట్టి చూశారు. గణితవేత్తలు ఒక్క మాటా వదలకుండా మళ్లీ మళ్లీ చదువుతారు, ఎందుకంటే 'అయితే'కూ 'అయితేనే'కూ మధ్య సిద్ధాంతమే మారిపోతుంది. రసాయనశాస్త్రవేత్తలు వాక్యం నుంచి సమీకరణానికి, సమీకరణం నుంచి పటానికి కళ్లు తిప్పుతూ చదువుతారు. దీంతో ప్రశ్న రూపం మారింది. సైన్సు టీచరును పఠన టీచరుగా మార్చాల్సిన అవసరం లేదు. సైన్సు తెలిసినవారు సైన్సును ఎలా చదువుతారో పిల్లల ముందు చేసి చూపితే చాలు, ఆ పని ఆ టీచరు తప్ప మరొకరు చేయలేరు.

విధానాలు కొంతమేర ఈ దారి పట్టాయి. 2010లో వచ్చిన అమెరికా బడుల ఉమ్మడి ప్రమాణాల్లో (కామన్ కోర్) చరిత్ర, విజ్ఞానశాస్త్ర, సాంకేతిక సబ్జెక్టులకు చదవడం, రాయడంపై విడి ప్రమాణాలు పెట్టారు. భారత జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005, సైన్సు, గణితం తరగతులు కూడా భాషా తరగతులేనంది. 2014 నిబంధనల తరువాత బీఈడీ పాఠ్యక్రమంలో పాఠ్యప్రణాళిక అంతటా భాష అన్న పేపరు చేరింది. అయితే ఆ పేపరును అందరికీ కలిపి ఒకే ఉపన్యాసంగా చెబితే పాత ఊహే తిరిగొస్తుంది. గణితం పద్ధతులు నేర్పేవారే గణిత పాఠం చదవడం కూడా నేర్పితే ఫలితం వేరుగా ఉంటుంది.

బడి స్థాయిలో దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. పాఠంలో అన్నిటికంటే చిక్కటి పేరా ఒకటి ఎంచుకుని పది నిమిషాలు దానిమీదే గడపాలి. 'ఉష్ణోగ్రత పెరుగుదల బాష్పీభవన రేటును ప్రభావితం చేస్తుంది' అన్న వాక్యాన్ని 'వేడి పెరిగితే నీరు త్వరగా ఆవిరవుతుంది' అని విప్పించి, మళ్లీ పుస్తకం మాటల్లోకి కట్టించాలి. విప్పి వదిలేస్తే పిల్లలకు ఆ పాఠం అర్థమవుతుంది గానీ తరువాతి పుస్తకం చదవడం రాదు. మధ్య అంతస్తు పదాల జాబితాను ఒకే తరగతికి వెళ్లే టీచర్లంతా నెలకోసారి కలిసి తయారు చేసుకోవాలి. 'అనుపాతం' గణితంలో మొదలై, భౌతికశాస్త్రంలో వేగం దగ్గర, భూగోళంలో పటం స్కేలు దగ్గర మళ్లీ ఎదురైతే పన్నెండు సార్లు పూర్తవడానికి ఏ ఒక్క టీచరుకూ అదనపు సమయం ఖర్చు కాదు.