లీవర్ రైఫిల్ సంరక్షణ: హనుమకొండ పని బల్ల దగ్గర విన్న అపోహలు, చూసిన వాస్తవాలు

మొన్న ముసురు పట్టిన రోజుల్లో ఒక యువకుడు దుకాణానికి వచ్చాడు. చేతిలో తోలు కవరు, అందులో పాత వించెస్టర్ 94 లీవర్ రైఫిల్. వాళ్ల బాపుకు డెబ్బై దాటడంతో కొడుకు తన పేరున లైసెన్సు తీసుకుని రైఫిల్‌ను బదిలీ చేయించుకున్నాడు. "సాబ్, నాకిది కొత్త. చెడిపోకూడదని ప్రతి ఆదివారం కొబ్బరి నూనె పోస్తున్నాను" అన్నాడు. ట్రిగ్గరు చుట్టూ ఉండే లీవరును కిందికి లాగితే బంక పట్టిన తలుపు గడియలా కదిలింది. తోలు ఆనిన చోటల్లా ఎర్రటి మచ్చలు. అతని చేతికి వచ్చాక ఆ రైఫిల్ ఒక్క తూటా కూడా కాల్చలేదు.

సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేసి వచ్చి, ఇప్పుడు లైసెన్సున్న ఆయుధ మరమ్మతు దుకాణంలో కూర్చుంటున్నాను. మన దగ్గర తుపాకులు కాల్చడం వల్ల పాడవడం నేను చూసింది చాలా తక్కువ. దాచడం వల్లే పాడవుతాయి. బ్యాంకు కాపలాదారుల పన్నెండు బోరు డబుల్ బ్యారెళ్లు, .315 రైఫిళ్లు ఎక్కువగా వస్తాయి. పాత గడీల నుంచి దిగివచ్చిన లీవర్ రైఫిళ్లు ఎప్పుడో ఒకటి. వాటితో పాటే తాతల నాటి నమ్మకాలూ వస్తాయి.

అపోహల జోలికి వెళ్లేముందు ఒక మాట. లీవర్ రైఫిల్‌లో తూటాలు బ్యారెల్ కింద ఉన్న గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. లీవరు ఒకసారి ఆడిస్తే ఒకటే బయటికి వస్తుంది. "ఒకటి తీశాను, ఖాళీ" అనుకున్న చేతుల్లోనే ప్రమాదం ఉంటుంది. మూతిని మనుషులు లేని వైపు పెట్టి, వేలు ట్రిగ్గరుకు దూరంగా ఉంచి, తూటాలు రావడం ఆగేదాకా లీవరు ఆడించండి. ఆ తర్వాత తూటా కూర్చునే చాంబరులోకి కళ్లతో చూడండి, చిటికెన వేలితో తడమండి. తూటాలు మరో గదిలో పెట్టాకే గుడ్డ ముక్క పట్టుకోండి.

అపోహ: నూనె ఎంత పోస్తే తుపాకి అంత భద్రం.

మనవాళ్లలో ఇంత గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇంకోటి లేదు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. సంక్రాంతి ముందు ఓరుగల్లు రాత్రుల్లో లీవరు ఎందుకు బిగుసుకుంటుందో ఇక వేరే చెప్పాలా? వంటనూనెలు గాలి తగిలి క్రమంగా జిగురుగా మారతాయి. పోపు డబ్బా మూత చుట్టూ పేరుకునే పసుపు బంకను చూసే ఉంటారు. ట్రిగ్గరు, గుర్రం (తూటా పేలడానికి దెబ్బ కొట్టే సుత్తి) కదిలే చోట పేరుకునేది అదే. గుర్రం సరిగ్గా పడక, తూటా పేలక, "తూటాలు నాసిరకం" అని తిట్టుకుంటూ వచ్చినవారు ఉన్నారు.

మంచి ఆయుధ నూనె అయినా చుక్కల లెక్కే. ఎనుమాముల మార్కెట్ వైపు ఉండే ఒక పత్తి వ్యాపారి తుపాకి విప్పినప్పుడు లోపల పత్తి నూగు నూనెలో నానిపోయి పక్షి గూడులా కనిపించింది. భూపాలపల్లి, గోదావరిఖని వైపు నుంచి వచ్చేవాటిలో నూగుకు బదులు బొగ్గు ధూళి. నూనె, ధూళి కలిస్తే సానపెట్టే ముద్ద తయారవుతుంది. లీవరు ఆడించిన ప్రతిసారీ అది ఇనుమును అరగదీస్తుంది.

ఇంకో నష్టం కంటికి కనపడదు. తుపాకిని మూతి పైకి పెట్టి గోడకు ఆనిస్తే, ఎక్కువైన నూనె నెలల తరబడి కిందికి జారి బట్టు (భుజానికి ఆనించే భాగం) చెక్క మొదట్లోకి ఇంకుతుంది. అక్కడ చెక్క నల్లబడి, మెత్తబడి, ఒకనాడు పగులుతుంది. మూతి కిందికి ఉండేలా పెట్టండి, కింద ఒక గుడ్డ పరవండి. తూటాలుండే గొట్టం లోపల మాత్రం నూనె వద్దే వద్దు, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. నూనె తూటా అడుగున ఉండే క్యాపులోకి దిగితే అది పేలకపోవచ్చు.

అవిసె నూనె చెక్కకు మంచిదే, పలచగా రాసి తుడిచేస్తే. ఇనుముకు మాత్రం రాయవద్దు, ఆరి పొరకడుతుంది. అది పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరచి ఆరబెట్టాకే పారేయండి.

అపోహ: తోలు కవరులో పెట్టి బీరువాలో తాళం వేస్తే నిశ్చింత.

తాళం సరే. తోలే శత్రువు. అది గాలిలోని తేమను పీల్చి పట్టుకుంటుంది, పచ్చి తోలును పదును చేసేటప్పుడు వాడిన లవణాలు, ఆమ్లాలు అందులో మిగిలి ఉండవచ్చు. గట్టిగా నేసిన గుడ్డ కవరూ అంతే. కవరు ప్రయాణానికే, నివాసానికి కాదు.

ఎన్నికల ఏళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. నియమావళి అమల్లోకి రాగానే చాలామంది లైసెన్సుదారులు ఆయుధాలను స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాల్సి ఉంటుంది. 2023 అక్టోబరు 9న అసెంబ్లీ ఎన్నికల ప్రకటన వస్తే ఫలితాలు డిసెంబరు 3న వచ్చాయి. తిరిగి 2024 మార్చి 16 నుంచి జూన్ మొదటి వారం దాకా లోక్‌సభ నియమావళి. ఆ రెండు విడతల్లోనూ తిరిగొచ్చిన తుపాకులను వరుసగా చూశాను. కవరులో చుట్టి ఇచ్చినవి మచ్చలు పడి వచ్చాయి. పొడిగా తుడిచి, పలచగా నూనె రాసి, నూనె పట్టిన కాగితం చుట్టి ఇచ్చినవి అలాగే వచ్చాయి. జాగాను నిందించి లాభం లేదు, జమ చేసే ముందు గంటసేపు మనం ఏం చేశామన్నదే లెక్క.

ఇంట్లో ఏసీ గదిలో ఉంచేవారికి ఒక హెచ్చరిక. వానాకాలంలో చల్లటి ఇనుమును బయటి గాలిలోకి తెస్తే చల్లని మజ్జిగ గ్లాసుకు పట్టినట్టు చెమ్మ పడుతుంది. బయట గాలికి అలవాటు పడేదాకా ఆగి, తుడిచి, ఆ తర్వాతే లోపల పెట్టండి.

అపోహ: కాల్చాక కిరోసిన్‌తో కడిగితే అన్నీ పోతాయి.

జిడ్డు పోతుంది. ఉప్పు పోదు. పాతకాలపు క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక బ్యారెల్‌లో మిగిలేది పొటాషియం క్లోరైడ్, మన వంటింటి ఉప్పుకు దాయాది. అది తేమను లాగి ఒకటి రెండు రోజుల్లోనే తుప్పు పుట్టిస్తుంది. కిరోసిన్‌లో గానీ నూనెలో గానీ కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకే సైన్యంలో గరాటు పెట్టి బ్యారెల్‌లో మరుగుతున్న నీళ్లు పోయించేవారు. కొత్తగా చేరిన కుర్రాళ్లు "ఇనుములో నీళ్లా?" అని నోరెళ్లబెట్టేవారు. వేడి నీళ్లు ఉప్పును కడిగేస్తాయి, బ్యారెల్ వేడెక్కి త్వరగా ఆరిపోతుంది. ఆ తర్వాత పొడి చిందీ (గుడ్డ ముక్క), ఆపై నూనె చిందీ. ఎన్‌సీసీలో ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది: శుభ్రం చేయడానికి నాలుగు అంగుళాలకు రెండు, నూనె రాయడానికి నాలుగుకు ఒకటిన్నర.

1920ల చివర్లో తుప్పు పట్టించని క్యాపులు మార్కెట్లోకి వచ్చాయి, ఈనాటి వేట, క్రీడా తూటాలకు సాధారణంగా ఈ నీళ్ల వైద్యం అక్కర్లేదు. తాత పెట్టెలో దొరికిన తూటాల సంగతి వేరు. నిజానికి వాటిని కాల్చకపోవడమే మంచిది.

అపోహ: గట్టి ఇనుప కడ్డీతో మూతి నుంచి రుద్దితే బ్యారెల్ అద్దంలా మెరుస్తుంది.

మెరుస్తుంది, గురి తప్పుతుంది. తూటా చివరగా వదిలే చోటు మూతి అంచు. అది ఒక పక్క అరిగితే తూటా వెనక వచ్చే వాయువు ఒక పక్కకు ముందుగా చిమ్మి దాన్ని పక్కకు నెడుతుంది. కాబట్టి వీలైనంతవరకు వెనక నుంచే శుభ్రం చేయాలి. లీవర్ రైఫిల్‌తో చిక్కు ఇక్కడే. మార్లిన్ 336కు లీవరు స్క్రూ ఒక్కటి తీస్తే చాంబరును వెనక నుంచి మూసే బోల్టు జారి వచ్చేస్తుంది, కడ్డీ నేరుగా వెనక నుంచి వెళ్తుంది. వించెస్టర్ 94కు ఆ సౌకర్యం లేదు. 1894లో జాన్ బ్రౌనింగ్ గీసిన ఆ మర చూడటానికి సన్నగా, విప్పడానికి మొండిగా ఉంటుంది. దానికి రెండే దారులు: మూతికి ఇత్తడి గైడు తొడిగి ఇత్తడి కడ్డీని దాని మధ్యలోంచి నడపడం, లేదా చాంబరు వైపు నుంచి తాడు దించి, దాని చివర గుడ్డ కట్టి మూతి వైపుకు లాగడం (పుల్ త్రూ). లాగేటప్పుడు తాడు మూతి అంచుకు రాసుకోకుండా నిటారుగా లాగండి. రెండో దారే నాకు ఇష్టం.

అపోహ: గుడ్డ పూర్తిగా తెల్లగా వచ్చేదాకా ఆపకూడదు.

ఒక పెద్దాయన తూటాలు బ్యారెల్‌లో అంటించే రాగి మురికిని కరిగించే మందుతో మూడు రోజులు రుద్దారు, గుడ్డ నీలం మానలేదు. బ్రష్షు చూస్తే కంచుది. కంచులో ఉన్నది రాగే కదా. మందు కరిగించింది ఆయన బ్రష్షును. మందు వేసినప్పుడు నైలాన్ బ్రష్షు వాడండి. ఐదారు గుడ్డల తర్వాత లేత బూడిద రంగు కనిపిస్తే చేతులు కడుక్కుని టీ తాగవచ్చు.

నల్ల పూత ఉంటే తుప్పు పట్టదంటారు. ఆ పూత కూడా ఇనుము ఆక్సైడే. దానికదిగా తేమను ఆపలేదు, నూనెను పట్టి ఉంచుతుందంతే. చెమట చేతి వేలిముద్ర రాత్రికి రాత్రే మచ్చ అవుతుంది. చూపించడానికి వచ్చిన బంధువులంతా తడిమాక ఒకసారి తుడవండి.

కొత్త రైఫిల్‌కు తూటా తూటాకూ శుభ్రం చేస్తూ "బ్యారెల్‌ను మచ్చిక చేయాలి" అనే మాట ఈమధ్య వీడియోల వల్ల వచ్చింది. ఉన్న కొద్దిపాటి తూటాలను దానికి ఖర్చు పెట్టకండి. పెట్టెలోంచి తీసిన కొత్త రైఫిల్‌కు అసలు చేయాల్సింది వేరు: ఫ్యాక్టరీలో పూసిన చిక్కటి గ్రీజు నిల్వ కోసం పెట్టింది, కాల్చడానికి కాదు. మొదటి తూటా ముందే బ్యారెల్, చాంబరు తుడవాలి.

ఇక మొత్తం విప్పడం. ఏడాదికోసారి లోపలి స్క్రూలన్నీ తీయాలని ఎవరు చెప్పారో గానీ, ఇంటి స్క్రూడ్రైవరుతో నలిగిన స్క్రూ తలలే నాకు సగం పని. స్క్రూడ్రైవరు మొన గాడిలో అటూఇటూ ఆడకుండా పట్టకపోతే తిప్పవద్దు. లీవరు కీలు మీద, బోల్టు జారే దారిలో చుక్క నూనె వేస్తే లోపలి మరకు ఏళ్ల తరబడి చాలు. పక్క వీధి లేత్ దుకాణానికి మాత్రం ఇవ్వకండి. 1959 ఆయుధ చట్టం ప్రకారం మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి. నాటు తుపాకులు పట్టుకుని నా దగ్గరికీ రాకండి, గుమ్మంలోనే తిప్పి పంపుతాను.

ఆ యువకుడి రైఫిల్ పని రెండు రోజులు పట్టింది. ఎండిన కొబ్బరి నూనెను కిరోసిన్‌తో కరిగించి, మచ్చలను నూనెలో ముంచిన నాలుగు సున్నాల (చాలా సన్నటి) ఉక్కు ఉన్నితో మెల్లగా తీసి, పలచగా నూనె తుడిచాను. తీసుకోవడానికి వచ్చినప్పుడు లీవరు ఒకసారి ఆడించి చూసి, తోలు కవరు కోసం చేయి చాచాడు. ఇంటికి వెళ్లేదాకే అని చెప్పి ఇచ్చాను.