ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా, ఇంకా మన డబ్బెందుకు? విద్యార్థి సాయంపై అపోహలు – వాస్తవాలు

కాలేజీ పిల్లలకు స్కాలర్‌షిప్ ఇద్దామని వచ్చే దాతలతో, దానికోసం దరఖాస్తు పెట్టుకునే పిల్లలతో మాట్లాడటమే నా పని. తెలంగాణలో ఒక చిన్న ట్రస్టు మాది. చదువుకునే పిల్లల్ని ఆదుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. వారాలు చేసుకుని చదువుకునే పిల్లలకు అన్నం పెట్టిన ఇళ్లు ఒకప్పుడు చాలా ఊళ్లలో ఉండేవి. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు చేరదీయబట్టే టంగుటూరి ప్రకాశం చదువు ముందుకు సాగింది. ఆ మనసు ఇప్పటికీ ఉంది. కానీ కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుపోయి, ఇచ్చిన డబ్బు అవసరమైన పిల్లలకు, అవసరమైన నెలలో అందడం లేదు.

అపోహ: ప్రభుత్వమే ఫీజు కడుతోంది కదా, మనమెందుకు?

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షల మందిని కాలేజీ మెట్లెక్కించింది. దాని విలువ తక్కువ చేసి మాట్లాడను. అయితే ఎవరికి వస్తుంది, ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్నవి మూడు వేరు వేరు ప్రశ్నలు.

కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా సీటు వస్తేనే వస్తుంది. యాజమాన్యం నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాకు లేదు. తెలంగాణలో ఇంజినీరింగ్‌లో 10,000 దాటిన ర్యాంకు వచ్చిన బీసీ, ఈబీసీ పిల్లలకు ఏళ్ల తరబడి 35,000 దాకానే ఇస్తున్నారు. కాలేజీ ఫీజు లక్ష దాటితే మిగతాది ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సిందే.

ఇక ఎప్పుడు అన్నదే అసలు చిక్కు. బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బంద్ పాటించాయి. ప్రభుత్వం నుంచి డబ్బు రాకపోతే కాలేజీ పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుంటుంది. డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయికి పీజీ ప్రవేశపరీక్షలో మంచి సీటు వచ్చింది. రిపోర్టు చేయడానికి గడువు మూడు రోజులు. టీసీ, ఒరిజినల్ మెమోలు కావాలి. ‘బకాయి మీరే కట్టండి, సర్కారు డబ్బులొచ్చాక తిరిగిస్తాం’ అని కాలేజీ ఆఫీసులో చెప్పారు. తల్లి బీడీలు చుడుతుంది. మూడు రోజుల్లో అంత సొమ్ము ఎక్కడి నుంచి తెస్తుంది? అలాంటప్పుడు మేం కాలేజీకి నేరుగా కడతాం. కానీ ప్రభుత్వ సొమ్ము విడుదలైతే విద్యార్థికి తిరిగి ఇస్తామని కాలేజీ ముద్రతో కాగితం రాయించుకుంటాం, రసీదు మీద విద్యార్థి హాల్‌టికెట్ నంబరు వేయిస్తాం. మీరు సొంతంగా కట్టినా ఈ రెండూ అడగండి. లేకపోతే ఒకే ఫీజు రెండుసార్లు కట్టినట్టవుతుంది.

అపోహ: టాపర్‌కే ఇవ్వాలి. బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉన్నవాడికి ఇస్తే వృథా.

నేను అందరికంటే ఎక్కువగా వాదించేది దీనిమీదే. మంచి ర్యాంకు వచ్చినవాడికి అడిగేవాళ్లు, పిలిచేవాళ్లు ఉంటారు. కార్పొరేట్ కాలేజీ ఫీజు తగ్గిస్తుంది, ఎమ్మెల్యే శాలువా కప్పుతాడు. అరవై, డెబ్బై శాతం మార్కులతో బయటపడి, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వెళ్తున్న పిల్లవాడి గురించి ఎవరూ అడగరు.

తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివి ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లు మొదటి సెమిస్టర్‌లో ఒకటి రెండు సబ్జెక్టులు తప్పడం మామూలే. సరిగ్గా అప్పుడే ‘బ్యాక్‌లాగ్ ఉంటే స్కాలర్‌షిప్ రద్దు’ అనే షరతుతో సాయం ఆపేస్తారు. ఆగిన సాయానికి బదులు ఆ పిల్లవాడు ఏం చేస్తాడో నాకు తెలుసు: క్యాటరింగ్‌కు వెళ్తాడు. ముహూర్తాల సీజన్లో రాత్రంతా ఫంక్షన్ హాల్లో వడ్డించి, తెల్లారి క్లాసులో ఉండలేడు. హాజరు 75 శాతం కంటే తగ్గుతుంది. దాంతో హాజరు తగ్గినందుకు కాండొనేషన్ ఫీజు కట్టాలి, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కూ ఎసరొస్తుంది. ఒక్క షరతు ఇంత దూరం తీసుకెళ్తుంది. అందుకే మేం మార్కులు చూసి కోత పెట్టం. సబ్జెక్టు తప్పితే పిలిచి మాట్లాడతాం, ఆ సబ్జెక్టు చెప్పగలిగిన సీనియర్‌ని కలుపుతాం. డబ్బు మాత్రం ఆపం.

అపోహ: డబ్బు పిల్లల చేతికిస్తే దుబారా చేస్తారు. ఫీజు మాత్రమే కట్టాలి.

చదువు ఆగేది ఎక్కువగా ఫీజు దగ్గర కాదు. మెస్ బిల్లు, బస్‌పాస్, పరీక్ష ఫీజు, రికార్డులు, ల్యాబ్ యాప్రాన్, ఇంటర్న్‌షిప్ కోసం నగరంలో రెండు నెలలు ఉండటానికి ఖర్చు – వీటి దగ్గర. ఇంటర్ నుంచి పీజీ దాకా సంక్షేమ హాస్టళ్ల మెస్ చార్జీని తెలంగాణ ప్రభుత్వం 2024లో నెలకు 1,500 నుంచి 2,100కు పెంచింది. ఆ హాస్టల్లో సీటు దొరకనివాళ్లు హైదరాబాద్‌లో ప్రైవేటు హాస్టల్‌కు 5,000 పైనే పెట్టాలి. నెలనెలా ఖాతాలో పడే రెండు వేలు ఆ పిల్లలకు పెద్ద ఊరట. ఏడాది సొమ్ము ఒకేసారి ఇవ్వకండి. ఆ నెలలో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే అది ఆసుపత్రికి వెళ్తుంది, ఆ పిల్లల్ని తప్పుపట్టలేం.

అపోహ: నేనిచ్చే చిన్న మొత్తం దేనికి సరిపోతుంది?

పదో తరగతి బ్యాచ్‌ల ఆత్మీయ సమ్మేళనాలు ఇప్పుడు ఊరూరా జరుగుతున్నాయి. నలభై మంది కలిసి తలా నెలకు 100 రూపాయలు వేస్తే ఏడాదికి 48,000. అదే బడిలో చదివిన ఇద్దరు పిల్లలకు నెలకు రెండు వేల చొప్పున సరిపోతుంది. మొదలుపెట్టేముందే ఒక మాట అనుకోండి: కోర్సు అయ్యేదాకా ఆపకూడదు. ఒక ఏడాది ఇచ్చి మానేస్తే రెండో ఏడు పిల్లలు అప్పు చేస్తారు.

అపోహ: నాన్నగారి పేరిట బంగారు పతకం పెడితే శాశ్వతంగా ఉంటుంది.

పేరు ఉంటుంది. పది లక్షలు డిపాజిట్ చేస్తే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా, ఏడాదికి 70,000. ఏటా ఒక టాపర్‌కు పతకం ఇస్తారా, ముగ్గురు పిల్లలకు మెస్ బిల్లు కడతారా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే రెండోదే చెబుతాను, దానికీ నాన్నగారి పేరే పెట్టొచ్చు. వడ్డీలో కొంత ఏటా అసలుకు కలిపేలా రాయించండి. ధరలు పెరిగినా నిధి ఎదగకుండా ఉంటే పదిహేనేళ్లకు ఆ స్కాలర్‌షిప్ పుస్తకాలకు కూడా చాలదు.

అపోహ: చెక్కు ఇస్తూ ఫోటో ఉంటేనే లెక్క పక్కాగా ఉన్నట్టు.

కాలేజీ రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు లెక్క చెబుతాయి. పేదరికం రుజువు చేసుకోవడానికి ఇరవై ఏళ్ల అమ్మాయి వేదికెక్కి నిలబడాల్సిన పని లేదు.

అపోహ: సాయమంటే డబ్బే.

ఫారం నింపిపెట్టడమూ సాయమే. సాంకేతిక విద్య చదివే అమ్మాయిలకు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000 వస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల దాకా ఇస్తారు. వికలాంగులకు సక్షమ్ ఉంది. చాలామంది దరఖాస్తే పెట్టరు. పెట్టినవాళ్లలోనూ కొందరికి మంజూరైన డబ్బు కనిపించదు. ఆధార్ ఆధారంగా వేసే సొమ్ము ఫారంలో రాసిన ఖాతాకు కాకుండా, ఆధార్ ఏ బ్యాంకుతో ముడిపడి ఉంటే అక్కడికి పోతుంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో డబ్బు దొరికినవాళ్లు నాకు తెలుసు. ముందే బ్యాంకుకు వెళ్లి చూసుకోమని చెప్పండి.

అపోహ: 80జి (విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు) ఉంటే ఇచ్చిందంతా పన్నులో వెనక్కి వస్తుంది.

రాదు. మాలాంటి ట్రస్టులకు ఇస్తే, ఆదాయాన్ని బట్టి ఉన్న పరిమితికి లోబడి, సగం మొత్తాన్ని మాత్రమే ఆదాయంలోంచి తగ్గిస్తారు. 10,000 ఇస్తే 5,000 తగ్గుతుంది. 20 శాతం స్లాబులో ఉంటే సెస్సు కాక మిగిలేది 1,000. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అదీ ఉండదు. 2,000 దాటి నగదుగా ఇస్తే లెక్కలోకి రాదు. నేరుగా విద్యార్థి ఖాతాలో వేసినదానికీ మినహాయింపు లేదు.

అపోహ: అమెరికాలో ఉన్నా ఇక్కడి బ్యాంకు ఖాతా నుంచి ఎవరికైనా పంపొచ్చు.

ఇందులో చాలామంది మంచి మనసుతోనే చిక్కుల్లో పడుతున్నారు. మీది భారతీయ పాస్‌పోర్టు అయితే, మీ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. మీరు అమెరికా పౌరులై, ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) ఉంటే మాత్రం ఇక్కడి ఖాతా నుంచి రూపాయల్లో ఇచ్చినా విదేశీ విరాళమే. దాన్ని ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉన్న సంస్థలే తీసుకోవాలి, అదీ ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఆ సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయడానికి కూడా వీల్లేదు. రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు తెలియక తీసుకున్నా ఇబ్బంది ట్రస్టుకే, దాని మీద ఆధారపడ్డ పిల్లలకే. కాబట్టి పంపేముందే మీ పౌరసత్వం ఏమిటో చెప్పండి. ట్రస్టువాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి.