టైటానియం ఇంప్లాంట్లు, ఎస్‌బీఎఫ్ పరీక్ష: కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: టైటానియం దేనితోనూ చర్య జరపదు, అందుకే ఒంటికి పడుతుంది.

వాస్తవం: టైటానియం చాలా చురుకైన లోహం. గాలి తగిలిన వెంటనే దాని మీద టైటానియం డయాక్సైడ్ పొర ఏర్పడుతుంది. మందం కొద్ది నానోమీటర్లే. ఎముకకు, రక్తానికి తగిలేది ఆ పొరే, లోహం కాదు. గీత పడినా చుట్టూ ఉన్న నీటితో చర్య జరిపి పొర మళ్లీ కట్టుకుంటుంది. అందుకే మేం ముందు చూసేది ఉపరితలాన్నే.

అపోహ: ఎస్‌బీఎఫ్ అంటే కృత్రిమ రక్తం.

వాస్తవం: ఎస్‌బీఎఫ్ (సిమ్యులేటెడ్ బాడీ ఫ్లూయిడ్) ల్యాబ్‌లో కలిపే ద్రావణం, రక్తంలోని లవణాల వరకే అది నకలు. ఇంప్లాంట్ పదార్థాన్ని ఇందులో ఉంచి, దాని మీద ఎపటైట్ (ఎముకలో ఉండే తరహా కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం) పేరుకుంటుందా అని చూడటమే ఎస్‌బీఎఫ్ పరీక్ష. కొకుబో బృందం 1990లో ప్రకటించిన ఈ ద్రావణంలో లీటరుకు సోడియం 142, కాల్షియం 2.5, ఫాస్ఫేట్ 1 మిల్లీమోల్ చొప్పున ఉంటాయి. పీహెచ్ 7.4, ఉష్ణోగ్రత 36.5 డిగ్రీలు. కానీ బైకార్బనేట్ ప్లాస్మాలో 27 ఉంటే ఇందులో 4.2 మాత్రమే. ప్రోటీన్లు, కణాలు అసలే లేవు. శరీరంలోనైతే ఇంప్లాంట్ పెట్టిన క్షణాల్లోనే ప్రోటీన్లు వచ్చి పట్టేస్తాయి.

అపోహ: ఎస్‌బీఎఫ్‌లో ఎపటైట్ వచ్చిందంటే ఎముక అతుక్కున్నట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. ఈ మాట నమ్మి మంచి పదార్థాలను పక్కన పెట్టేస్తారు, సాదా వాటిని ఆకాశానికెత్తేస్తారు. ఎస్‌బీఎఫ్‌లో ఎపటైట్ మోతాదు మొదటి నుంచే కరిగే హద్దు దాటి ఉంటుంది. కాస్త ఊతం దొరికితే చాలు, పేరుకుంటుంది. ఆ ఊతం ఎలా వస్తుందో సోడియం హైడ్రాక్సైడ్‌లో ఉంచి, 600 డిగ్రీల దగ్గర వేడిచేసిన టైటానియంలో బాగా తెలుస్తుంది. దాని మీద సోడియం టైటనేట్ పొర ఉంటుంది. ద్రావణంలో పెట్టగానే సోడియం బయటికి పోయి, ఆ చోట హైడ్రాక్సిల్ సమూహాలు మిగులుతాయి. ఉపరితలానికి రుణావేశం వస్తుంది. అది కాల్షియంను లాగుతుంది, కాల్షియం ఫాస్ఫేట్‌ను లాగుతుంది. చివరికి అది ఎపటైట్‌గా స్ఫటికమవుతుంది.

మరి ఏ ట్రీట్‌మెంటూ లేని మామూలు టైటానియం? ఎస్‌బీఎఫ్‌లో వారాల తరబడి ఉంచినా దాని మీద దాదాపు ఏమీ పేరుకోదు. అయినా 1965లో స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ మొదటి రోగికి పెట్టిన దగ్గర్నుంచి అదే టైటానియం ఎముకలో నిలబడుతోంది. అంటే ఈ పరీక్షలో ఫెయిలైనది కూడా శరీరంలో పాసవ్వొచ్చు. పాసైనదంతా శరీరంలో పనిచేస్తుందన్న హామీ కూడా లేదు.

ద్రావణం తయారీలోనూ తేడాలొస్తాయి. లవణాలు ఒకదాని తర్వాత ఒకటి, ముందుది పూర్తిగా కరిగాకే వేయాలి. గాజు బీకరు వద్దు, ప్లాస్టిక్ వాడాలి. పీహెచ్ 7.45 దాటనివ్వకూడదు. కొంచెం మబ్బుగా కనిపించినా పారబోయాల్సిందే. నమూనాను పడుకోబెడితే పైనుంచి దిగిన మడ్డి దాని మీదే చేరుతుంది. ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలో అది చక్కటి పూతలా కనిపిస్తుంది! నిలువుగా గానీ, పరీక్షించే ముఖం కిందికి ఉండేలా గానీ పెట్టాలి. ఫొటో ఒక్కటే సరిపోదు, అది ఎపటైటేనని ఎక్స్-రే డిఫ్రాక్షన్‌తో (స్ఫటికం ఏదో గుర్తుపట్టే పరీక్షతో) తేల్చుకోవాలి.

అపోహ: శుభ్రం చేసిన ఇంప్లాంట్ ఉపరితలం ఎన్నాళ్లైనా అలాగే ఉంటుంది.

వాస్తవం: ఉండదు. గాలిలోని హైడ్రోకార్బన్లు చేరుతూ పోతాయి, నీరు అంటని గుణం పెరుగుతుంది. ఎన్ని రోజుల పాత నమూనా వాడారో రాసుకోని ఫలితాలను పోల్చడం కష్టం.

అపోహ: ఎస్‌బీఎఫ్‌లో తుప్పు పట్టలేదు కాబట్టి శరీరంలోనూ పట్టదు.

వాస్తవం: వాపు వచ్చిన చోట కణాలు హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతాయి, పీహెచ్ పడిపోతుంది. కీళ్ల ఇంప్లాంట్లలో భాగాలు రాసుకుని ఆక్సైడ్ పొర పదేపదే చిరుగుతుంది. అల్యూమినియం 6 శాతం, వెనేడియం 4 శాతం ఉన్న మిశ్రమ లోహమైతే అవి కూడా ద్రవంలోకి దిగవచ్చు. ఆ మిశ్రమాన్ని పెరాక్సైడ్, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) రెండూ కలిపిన ద్రావణంలో ఉంచితే, వాటిలో ఏ ఒక్కటి ఉన్నప్పటికన్నా ఎక్కువ లోహం కరుగుతుంది. మామూలు ఎస్‌బీఎఫ్‌లో ఆ రెండూ ఉండవు.