శివారు చేలో నీళ్ళు, లంకలో సిగ్నలు

ఒరే చిన్నోడా, అమ్మలూ,

మొన్న వరదకి మేడ మీద కూచున్నప్పుడు అడిగారు కదా, "తాతయ్యా, ఏటి అవతల యానాం లైట్లు కనపడుతున్నాయి, అక్కడ ఫోన్లు పనిచేస్తుంటే మన లంకలో ఎందుకు పనిచేయట్లేదు" అని. ఆ హడావిడిలో జవాబు చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మన కాలవ గుర్తుచేసుకోండి. ధవళేశ్వరంలో 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ఆనకట్ట, అక్కడ్నించి పెద్ద కాలవ, దాన్లోంచి పిల్లకాలవలు, తూములు, తూము కింద బోదె, బోదె చివర చేను. ఇంటర్నెట్టూ అచ్చం ఇలాగే వస్తుంది. పెద్ద కాలవంటే ఫైబరు, వెంట్రుక కన్నా కాస్త మందంగా ఉండే గాజుతీగ, అందులో పారేది వెలుతురు. పంచాయతీ ఆఫీసులో పెట్టె తూము, మీ ఇంటికొచ్చే నల్ల వైరు బోదె. టవరు గాల్లోంచి తనే సిగ్నలు పుట్టిస్తుందనుకుంటారు చాలామంది, కాదు, దానికీ వెనకనుంచి ఫైబరన్నా రావాలి, లేకపోతే ఇంకో టవరు వైపు తిప్పిన డోలు లాంటి డిష్షన్నా ఉండాలి. కాలవ నీరు రాని తూము ఎంత పెద్దదైతే ఏం లాభం.

నాకు పన్నెండేళ్ళప్పుడు దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు వంతులు పెట్టేవారు. మాది శివారు చేను, అంటే బోదెకి చిట్టచివరిది, వంతు ఎప్పుడూ అర్ధరాత్రే. నాన్నారు పార భుజానేసుకుని ముందు, లాంతరు పట్టుకుని నేను వెనక. ఎంతసేపు చూసినా నీరు రాకపోతే నన్ను గట్టు మీద కూచోబెట్టి ఆయన బోదె వెంట పైకి నడుచుకుంటూ పోయేవారు, ఎక్కడో ఎండ్రకాయ బొరియ, ఎక్కడో తుక్కు అడ్డం, ఎక్కడో పై చేను వాళ్ళు మడవ మూయడం మర్చిపోయేవారు. "నీళ్ళు లేక కాదురా, మధ్యలో ఏదో ఉంది" అనేవారు. తెల్లారగట్ల నీరొచ్చి నెర్రెల్లోకి దిగుతుంటే బుడబుడమని ఒక చప్పుడొచ్చేది, యాభై ఏళ్ళు దాటినా అది నా చెవుల్లోనే ఉంది.

మన లంకకీ మధ్యలో ఏదో ఉంది. ఇళ్ళు తక్కువ, టవరు పెట్టినా కంపెనీకి ఖర్చు రాదు, అందుకే శివారుకి ప్రభుత్వమే డబ్బు పెట్టాలి. 2.5 లక్షల పంచాయతీలకి ఫైబరు వేస్తామని 2011లో మొదలుపెట్టారు, అదే ఇప్పటి భారత్‌నెట్. మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో కరెంటు స్తంభాల మీదుగానే లాగి నెలకి 149 రూపాయలకి ఇచ్చారు. అసలు 4జీనే లేని 24,680 ఊళ్ళకి టవర్లు పెట్టాలని 2022లో ఢిల్లీలో నిర్ణయించారు, అంటే మనలాంటి శివారోళ్ళు దేశంలో ఎంతమందో చూడండి.

ఇంక యానాం సంగతి. అది పుదుచ్చేరిది, స్తంభాలూ కరెంటూ అన్నీ వేరే. తరంగానికి ఆ సరిహద్దు తెలీదు, తీగ లాగేవాడికి తెలుసు, సరిహద్దు దాటాలంటే ఇంకో ఆఫీసు పర్మిషను కావాలి. ఏటి మీద చెట్టూ ఇల్లూ అడ్డం లేవు కాబట్టి అవతలి టవరు మాట నీళ్ళ మీదుగా మన మేడ దాకా వచ్చేసింది, అందుకే ఫోన్లో సిగ్నలు గీత ఒకటి కనపడింది. టవరు గొంతు పెద్దది, మన ఫోను గొంతు చిన్నది, ఇది పిలిస్తే దానికి వినపడలేదు, ఫోను కలవలేదు. మనకున్న ఆ ఒక్క టవరూ ఎందుకు ఆగిందంటారా, వరదకి కరెంటు తీసేశారు, బ్యాటరీ కొన్ని గంటలు లాగింది, తర్వాత జనరేటరుకి డీజిలు పడవ మీద రావాలి, ఆ ఉరవడిలో పడవెవరు తోస్తారు. అమ్మమ్మకి బీపీ మాత్రలు అయిపోయి ఎవరికీ చెప్పుకోలేక కూచున్న రాత్రి అదే, అది నేను మర్చిపోలేను.

ఆదివారం ఒక పని చెయ్యండి. పంచాయతీ ఆఫీసు దగ్గర్నించి ఆ నల్ల వైరు వెంట తలెత్తి నడవండి, స్తంభాన్ని మాత్రం ముట్టుకోవద్దు. చుట్ట చుట్టి వేలాడదీసిన వైరు కనపడితే అది తెగితే అతకడానికి ఉంచినది. వైరు ఎన్నో స్తంభం దగ్గర ఆగిందో, అక్కడ్నించి రేవు దాకా ఇంకెన్ని స్తంభాలున్నాయో లెక్కపెట్టి నాకు రాయండి. ఆ కాగితం పట్టుకుని పై నెల గ్రామసభకి నేనొస్తాను.

మీ తాతయ్య