వంతెన దాటించే నాలుగు సెకన్లు

అమెరికాలోని డాలస్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "కారులో సిరియస్ ఎక్స్ఎమ్ చక్కగా వినిపిస్తుంది. ఇంటికి కూడా ఒక రిసీవర్ కొనమంటారా?"

సిరియస్ ఎక్స్ఎమ్ అంటే చందా కట్టి వినే ఉపగ్రహ రేడియో. ముందు అది కారులో ఎందుకు అంత చక్కగా వినిపిస్తుందో చూడాలి. భూమధ్యరేఖకు పైన, సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో, 85, 115 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల వద్ద ఉన్న ఉపగ్రహాలు ఒకే కార్యక్రమాన్ని పంపుతాయి. అయితే ఒకటి రెండోదానికన్నా దాదాపు నాలుగు సెకన్లు వెనక. రిసీవర్ ముందు వచ్చినదాన్ని దాచుకుని, వెనకటిది అందాకే వినిపిస్తుంది.

కారు పదో సెకనులో వంతెన కిందికి వెళ్లి పన్నెండో సెకనులో బయటపడిందనుకోండి. ఆ రెండు సెకన్లలో రెండు దారులూ మూసుకుపోయాయి. వెనకటి ఉపగ్రహం అప్పుడు పంపుతున్నది 6-8 సెకన్ల పాట. అది ముందే నిల్వలో ఉంది. ముందటి ఉపగ్రహం పంపిన 10-12 సెకన్ల పాట పోయింది. కానీ అదే పాటను వెనకటిది 14-16 సెకన్లలో పంపుతుంది. అప్పటికి కారు ఎండలో ఉంది! ఎంత ముచ్చటైన లెక్క!

ఇంట్లో ఈ తెలివి పనికిరాదు. వంతెన రెండు సెకన్లలో అయిపోతుంది, పైకప్పు అవదు. నాలుగు సెకన్లు ఆగినా, నాలుగు గంటలు ఆగినా అదే కప్పు. 2.3 గిగాహెర్ట్జ్ సంకేతం అంత దూరం వచ్చేసరికి నష్టం ఇంచుమించు 190 డెసిబెల్స్, అంటే 1 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని రెట్లు. మిగిలిన ఆ కాస్తనూ కాంక్రీటు మింగేస్తుంది. నగరాల నడిబొడ్డున, సంకేతాన్ని అందుకుని మళ్లీ ప్రసారం చేసే నేల మీది రిపీటర్లు ఆదుకోవచ్చు. మిగతా చోట్ల యాంటెన్నాను, భూమధ్యరేఖ మీది ఆ ఉపగ్రహాలు కనిపించే దక్షిణపు కిటికీలో పెట్టాల్సిందే. దక్షిణం వైపు కిటికీలే వద్దన్న వాస్తు పండితుణ్ణి ఉపగ్రహం సంప్రదించలేదు.

మన దగ్గర ఒకప్పటి ఉపగ్రహ రేడియో వరల్డ్‌స్పేస్ శ్రోతలకు ఈ కిటికీ తంటా తెలుసు. 105 డిగ్రీల తూర్పు రేఖాంశంలోని దాని ఉపగ్రహం ఏషియాస్టార్ కోసం హైదరాబాద్‌లో యాంటెన్నాను ఆగ్నేయంగా, సగం ఆకాశం ఎత్తుకు తిప్పేవారు. తెలుగుకు స్పందన అనే ఛానల్ ఉండేది. 2009 చివర్లో ఆ సేవే ఆగిపోయింది, రిసీవర్లు అటకెక్కాయి.

ధ్వని సంగతి కూడా ఉంది. పరిమితమైన పౌనఃపున్యాల పట్టీలో (బ్యాండ్‌లో) వందకు పైగా ఛానళ్లను ఇరికించాలంటే ఒక్కొక్కదాని ధ్వనిని గట్టిగా పిండి కుదించాలి. టైర్ల హోరులో తెలియని ఆ లోటు నిశ్శబ్దమైన గదిలో, మంచి స్పీకర్ల ముందు బయటపడుతుంది.

కాబట్టి ఇంటర్నెట్ ఉన్న ఇంటికి వేరే రిసీవర్ దండగ. సిరియస్ ఎక్స్ఎమ్ యాప్‌నే స్పీకరుకు కలుపుకోండి. కారు చందాలో యాప్ కలిసి ఉందేమో ముందు చూసుకోండి. ఇంటర్నెట్ సరిగా అందని పల్లెలో, చెట్లు అడ్డులేని దక్షిణపు కిటికీ ఉంటే మాత్రం కొనవచ్చు.