సిగ్నల్ తీగ దాటదు

టెర్మినల్‌లో నడుస్తున్న ప్రోగ్రాం కంట్రోల్-సి నొక్కగానే ఆగుతుంది. అదే ప్రోగ్రాంను ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని యంత్రంలోకి లాగిన్ అయ్యే సాధనం) ద్వారా వేరే యంత్రంలో నడిపి కంట్రోల్-సి నొక్కితే ఇక్కడ ప్రాంప్ట్ తిరిగొస్తుంది గానీ, అక్కడ ప్రోగ్రాం ఆగిందో లేదో చెప్పలేం. ఫలితాలన్నీ ఫైల్లోకే రాసుకునే లెక్కయితే గంటల తరబడి అలా నడుస్తూనే ఉంటుంది.

కారణం చిన్నదే. యూనిక్స్‌లో సిగ్నల్ అంటే ఒక కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తన దగ్గరున్న ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) ఖాతాలో గుర్తు పెట్టుకునే ఒక సంఖ్య. సిగ్నల్ పంపే కిల్ కాల్‌కు ఇచ్చేది ప్రాసెస్ నంబరు, సిగ్నల్ నంబరు మాత్రమే, యంత్రం పేరు చెప్పే చోటే అందులో లేదు. ఈ యంత్రంలోని 4321కీ పక్క యంత్రంలోని 4321కీ ఏ సంబంధమూ లేదు. ప్రాసెస్‌ల గ్రూపు సంగతీ అంతే. కిల్‌కు మైనస్ 4321 అని ఇస్తే ఆ గ్రూపులోని ప్రాసెస్‌లన్నిటికీ సిగ్నల్ అందుతుంది, కానీ ఆ గ్రూపు ఒక్క యంత్రానికే పరిమితం.

ఎస్‌ఎస్‌హెచ్‌కు మైనస్ టి (అవతల నకిలీ టెర్మినల్ తెరవమనే ఆప్షన్) ఇచ్చినప్పుడు కంట్రోల్-సి పనిచేస్తుంది కదా అంటే, అప్పుడు కూడా తీగ మీద వెళ్లేది సిగ్నల్ కాదు, 3 అనే ఒక బైటు. అవతలి యంత్రంలోని నకిలీ టెర్మినల్ దాన్ని చూసి, అక్కడి కెర్నల్ చేత సిగ్‌ఇంట్ (ఆగమనే సిగ్నల్) పంపిస్తుంది. మైనస్ టి లేకపోతే ఇక్కడి క్లయింట్ మాత్రమే పోతుంది. అవతలి ప్రోగ్రాం మూతపడిన పైపులోకి ఏదైనా రాయబోయినప్పుడే దానికి సిగ్‌పైప్ అనే, దాన్ని ఆపేసే సిగ్నల్ తగులుతుంది.

అందుకే క్లస్టర్లలో (కలిసి పనిచేసే యంత్రాల గుంపుల్లో) ప్రతి నోడ్ మీదా, అంటే ప్రతి యంత్రం మీదా, ఒక డీమన్ (వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రాం) ఉండాలి. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ వంటి సూపర్‌కంప్యూటర్లలో వాడే స్లర్మ్‌ను (జాబ్‌లకు నోడ్లు కేటాయించి నడిపే సాఫ్ట్‌వేర్) తీసుకుందాం. జాబ్‌ను రద్దు చేసే ఎస్‌క్యాన్సెల్ కొడితే ఆ కోరిక ముందు కేంద్ర కంట్రోలర్‌కు చేరుతుంది. అది నోడ్లకు మామూలు నెట్‌వర్క్ సందేశాలు పంపుతుంది. నోడ్లు ఎక్కువైతే ఒకటి మరికొన్నిటికి అందించేలా చెట్టు కొమ్మల పద్ధతిలో సాగుతుంది. చివరికి ప్రతి నోడ్‌లోని డీమన్ తన యంత్రంలో తానే కిల్ చేస్తుంది.

దీనర్థం, అందరికీ ఒకే క్షణంలో అందదు. ఎంపీఐ (ప్రాసెస్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి) ప్రోగ్రాంలో ఒక్కో ప్రాసెస్‌నూ ర్యాంకు అంటారు. 7వ ర్యాంకు ముందు పోతే, దాని డేటా కోసం ఎదురుచూస్తున్న 8వ ర్యాంకు కనెక్షన్ తెగిందని గోల పెడుతుంది. లాగ్‌లో ముందు కనబడే ఆ ఎర్రర్ పర్యవసానమే గానీ కారణం కాదు. చెక్‌పాయింట్ (తర్వాత అక్కడి నుంచే కొనసాగించేలా లెక్కను దాచుకునే కాపీ) తీయాలంటే సిగ్నల్ హ్యాండ్లర్‌లో (సిగ్నల్ రాగానే నడిచే ఫంక్షన్‌లో) ఒక ఫ్లాగ్‌ను 1 చేసి ఊరుకోవాలి. ప్రింట్ఎఫ్, మెమరీ అడిగే మ్యాలక్, ఎంపీఐ కాల్స్ అక్కడ పెట్టకూడదు. మ్యాలక్ తాళం వేసి ఉన్న క్షణంలో సిగ్నల్ వచ్చి, హ్యాండ్లర్ మళ్లీ మ్యాలక్‌ను పిలిస్తే ప్రోగ్రాం అక్కడే బిగుసుకుపోతుంది. ప్రతి ఇటరేషన్ (లెక్కలో ఒక విడత) చివర, అన్ని ర్యాంకుల విలువలనూ కలిపి అందరికీ ఇచ్చే ఆల్‌రిడ్యూస్‌తో ఎవరి ఫ్లాగ్ అయినా లేచిందా అని అందరూ కలిసి చూసుకుంటే, అన్ని ర్యాంకులూ ఒకే ఇటరేషన్ దగ్గర ఆగి సేవ్ చేస్తాయి. నా దృష్టిలో ఈ ఒక్క పద్ధతి తెలిసుంటే చాలా రాత్రుల లెక్క వృథా కాకుండా ఉంటుంది.

సమయం లెక్క కూడా ముందే వేసుకోవాలి. జాబ్ గడువు ముగియగానే స్లర్మ్ సిగ్‌కాంట్ (మళ్లీ కదలమని), సిగ్‌టర్మ్ (ముగించమని) పంపి, మామూలు సెట్టింగులో 30 సెకన్లు ఆగి, పట్టుకుని ఆపలేని సిగ్‌కిల్ కొడుతుంది. సిగ్‌కాంట్ ఎందుకంటే, ఆపి ఉంచిన ప్రాసెస్ మళ్లీ కదిలితే తప్ప సిగ్‌టర్మ్‌ను పట్టించుకోలేదు. 400 గిగాబైట్ల చెక్‌పాయింట్‌ను సెకనుకు 2 గిగాబైట్ల చొప్పున రాస్తే 200 సెకన్లు పడుతుంది, 30 ఏ మూలకూ చాలవు. అందుకని జాబ్ స్క్రిప్ట్‌ను అప్పగించే ఎస్‌బ్యాచ్‌లో సిగ్నల్ ఆప్షన్‌కు యూఎస్‌ఆర్1@300 (యూఎస్‌ఆర్1 అంటే మన అవసరానికి వాడుకునే సిగ్నల్) అని ఇచ్చి 300 సెకన్ల ముందే హెచ్చరిక తెప్పించుకోవాలి. అది చెప్పిన దానికంటే 60 సెకన్ల వరకు ముందుగానే రావచ్చు.

ఇక్కడే చాలామంది తడబడతారు. ఆ ఆప్షన్‌లో ముందు 'బి:' పెడితే సిగ్నల్ బ్యాచ్ స్క్రిప్ట్‌కు మాత్రమే, పెట్టకపోతే స్క్రిప్ట్‌కు కాకుండా, ఎస్‌రన్‌తో మొదలైన స్టెప్‌లకు (జాబ్‌లోని పనులకు) వెళ్తుంది. స్క్రిప్ట్‌లో ట్రాప్ (సిగ్నల్ వస్తే ఏం చేయాలో చెప్పే లైను) రాసి, ఎస్‌రన్‌ను మామూలుగా ముందువరసలో నడిపితే, ఎస్‌రన్ ముగిసేదాకా స్క్రిప్ట్‌ను నడిపే బ్యాష్ ఆ ట్రాప్‌ను తాకదు. అందుకే ఎస్‌రన్ లైను చివర యాంపర్సాండ్ (&) పెట్టి వెనకవరసలో నడిపి, తర్వాతి లైన్లో అది ముగిసేదాకా ఆగే వెయిట్ రాయాలి. సిగ్నల్ రాగానే వెయిట్ 128 దాటిన కోడ్‌తో వెనక్కి వచ్చేస్తుంది కాబట్టి ఇంకోసారి వెయిట్ చేయాలి. ఆ రెండో వెయిట్ మరిచిపోతే స్క్రిప్ట్ ముగుస్తుంది, జాబ్ అయిపోయిందనుకుని స్లర్మ్ సగం రాసిన చెక్‌పాయింట్‌తో సహా అన్నిటినీ చంపేస్తుంది.

కొత్త సెషన్ మొదలుపెట్టే సెట్‌సిడ్‌ను పిలిచిన ప్రాసెస్ పాత గ్రూపు నుంచి బయటపడిపోతుంది. గ్రూపు నంబరునే నమ్ముకుంటే అలాంటివి నోడ్‌లో అనాథల్లా మిగిలి మెమరీ తింటుంటాయి. ప్రాసెస్‌లను కట్టగట్టి ఉంచే కెర్నల్ సదుపాయం సీగ్రూప్‌తో లెక్కపెట్టుకుంటే పిల్ల ప్రాసెస్‌లు ఎక్కడికీ తప్పించుకోలేవు. 2021లో వచ్చిన లినక్స్ 5.14 నుంచి సీగ్రూప్.కిల్ ఫైల్‌లో 1 రాస్తే చాలు, అందులో ఉన్నవన్నీ ఒక్కదెబ్బతో పోతాయి.

అయినా లొంగనివి ఉంటాయి. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ సర్వర్ పలకక కెర్నల్ లోపల ఇరుక్కున్న ప్రాసెస్‌కు ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్‌లో డి అక్షరం కనిపిస్తుంది. దానికి కిల్ మైనస్ 9 (అంటే సిగ్‌కిల్) ఎన్నిసార్లు కొట్టినా పెండింగ్‌లోనే ఉండిపోవచ్చు. స్లర్మ్ కొంతసేపు చూసి ఆ నోడ్‌కు కొత్త జాబ్‌లు ఇవ్వడం మానేస్తుంది. అప్పుడు వెంటనే రీబూట్‌కు పోకుండా, ఆ ప్రాసెస్ ఏ మౌంట్ (ఫైల్ సిస్టమ్‌ను తగిలించిన చోటు) దగ్గర ఆగిందో చూసి ఆ సర్వర్‌ను సరిచేయాలి. సర్వర్ పలికిన మరుక్షణం పెండింగ్‌లో ఉన్న 9 అమలై, ప్రాసెస్ దానంతటదే పోతుంది.